సర్ విలియం మెక్యూయెన్

తోటమాలి పుల్లమామిడి మొక్కకు తియ్యమామిడి కొమ్మను అంటు కట్టును. కొలది దినములకు ఆ రెండును ఏకమై చిగిర్చును. రెండింటియందును ప్రాణము కలదు గనుకనే అవి కలియుచున్నవి. మనుష్యుని యెముకకును ఇట్లు అంటు కట్టవచ్చునా? తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో బాగుచేయు విధము మన సుశ్రుతసంహితయందు కలదు. కాని చర్మము క్రింద నుండు ఎముకయే నశించినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో విలియం మెక్యూయెన్ అగ్రగణ్యుడు.

ఆయన 1848వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి బ్యూట్ అను ద్వీపమున రోత్సే పట్టణములో జన్మించెను. మన రాంబిల్లి తీరవాసులవలె సముద్రమును నమ్ముకొని జీవించు జనులు అచట పెక్కుమంది. ఆయన తండ్రియు సముద్ర వర్తకుడే. విలియం గ్లాస్గో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. అచట ఆచార్యుడుగా నున్న లిస్టరు, గాయములు కుళ్ళుటకు సూక్ష్మజీవులు కారణమని గ్రహించి, కార్బాలిక్ ఆమ్లముతో వానిని నశింపజేయుచుండెను. ఈ మార్గమును మెక్యూయెన్ శ్రద్ధతో గ్రహించి మఱింత ముందునకు నడపెను. పనిముట్లను, దుస్తులను ముందుగానే వేడిచే శుద్ధి చేయించెను. ఈ శుభ్రతయే లేకున్నచో ఎముకను తెఱచు సాహసము రోగికి మృత్యువే యయ్యెడిది.

ఆ దినములలో గ్లాస్గో నగరమును కర్మాగారముల పొగ కప్పియుండెను. పేదల యిండ్లలో సూర్యకాంతి సోకక, తగిన ఆహారము లేక, అనేకులు బాలలు రికెట్స్ అను వ్యాధికి లోనై కాళ్ళు వంకరపోయి బాధపడుచుండిరి. మెక్యూయెన్ వారి యెముకలనుండి మేకువంటి చిన్న తునకను కోసి తీసి, కాలిని సరిచేసి కట్టుచుండెను. ఆ తునకలు ఎవరికిని పనికిరానివని పాఱవేయబడుచుండెను.

ఇంతలో 1878లో మూడేండ్ల బాలు డొకడు ఆయన యొద్దకు వచ్చెను. వాని కుడి భుజపు టెముక చీము పట్టి చాలభాగము నశించినది. చెడిన యెముకను తీసివేయగా ప్రాణము దక్కినది కాని, ఏడాది గడచినను క్రొత్త యెముక పుట్టలేదు. చేయి తీగవలె వ్రేలాడుచుండెను. అట్టి చేయి యుండుటకంటె తీసివేయుటయే మేలని తోచు స్థితి యది. మెక్యూయెన్ అట్లు చేయలేదు. వంకర కాళ్ళనుండి తీసిన తునకలను చిన్న ముక్కలుగా చేసి, ఆ బాలుని భుజమున ఎముక యుండవలసిన చోట చాలు చేసి, అందు నాటెను. కొన్ని నెలల వ్యవధిలో మూడు పర్యాయము లీ చికిత్స జరిగెను. ముక్కలు ఒండొంటితో కలిసి గట్టిపడి ఎముకయై నిలిచెను. చేయి మరల పనికి వచ్చెను. ఆ బాలుడు పెద్దవాడై తన చేతులతోనే జీవనము గడపుకొనెను. మెక్యూయెన్ ఈ వృత్తాంతమును 1881లో లండను రాయల్ సొసైటీకి నివేదించెను. ఒకరి బాధను తీర్చుటలో మిగిలినది వేఱొకరికి అవయవ మయ్యెను. ఇందు ఎవరికిని క్రొత్త గాయము చేయవలసిన పని లేకపోయెను.

పుఱ్ఱెను తెఱచి మెదడునందలి వ్రణములను మాన్పినవారిలోను మెక్యూయెన్ ఆద్యుడు. 1879లో ఒక బాలిక తలలోని కంతిని తొలగించి ఆమెను బ్రతికించెను. 1902లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ఎముకను పెంచునది పైపొర కాదనియు, ఎముకలోని జీవకణములే యనియు 1912లో ఒక గ్రంథమున వాదించెను. పైపొరయు ఎముకను పుట్టించునని నేటి శాస్త్రజ్ఞు లెఱుగుదురు గనుక ఆయన వాదము సంపూర్ణము కాదు. అయినను ఎముక జీవించు వస్తువను మూలసూత్రము నిలిచినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1916లో, అవయవములు కోల్పోయిన సైనికుల కొఱకు ఎర్‌స్కిన్ అను చోట వైద్యశాల స్థాపించుటకు ఆయన పూనుకొని, ఓడలు కట్టు పనివారి నేర్పుతో కృత్రిమ కాళ్ళను చేయించెను. 1924లో దివంగతు డయ్యెను.

ప్రమాదమువలన గాని, వ్యాధివలన గాని పుఱ్ఱెయో దవడయో కొంత పోయినవారికి నేడును వైద్యులు తుంటినుండియో ప్రక్కటెముకనుండియో ఎముకను తీసి అతుకుచున్నారు. కాని దానివలన రోగికి రెండవ గాయము కలుగును. కావలసినంత యెముక దొరకదు. ముఖపు వంపులకు దానిని మలచుటయు కష్టము. లోహపు ఱేకులు గట్టివే కాని బాలునితో పాటు పెరుగవు. అందుచేత శాస్త్రజ్ఞులు మఱియొక మార్గము వెదకుచున్నారు. లోపించిన భాగము ఆకృతిలో కాల్షియం ఫాస్ఫేటు వంటి పదార్థముతో సన్నని రంధ్రములు గల పందిరిని నిర్మింతురు. అందు రోగియొక్క మూలుగనుండి తీసిన కణములను నాటుదురు. ఎముకను పుట్టుమని పురికొల్పు పదార్థమును చేర్తురు. ఎముకయందే అట్టి శక్తి కలదని 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ నిరూపించెను. పందిరిపై తీగవలె ఎముక అల్లుకొనును. క్రమముగా పందిరి కరగిపోవును. అయితే పెద్ద ఖాళీ నడుమకు రక్తనాళములు చేరనిచో అచటి కణములు బ్రతుకవు. ఈ చిక్కు ఇంకను పూర్తిగా విడలేదు. కావున ఈ పద్ధతి చాలవఱకు పరిశోధనదశయందే యున్నది.

బాలలారా! వైద్యుడు ఎముకను సృష్టింపలేడు. అది పెరుగుటకు తగిన చోటును, విత్తనమును, శుభ్రతను మాత్రమే సమకూర్పగలడు. పనికిరాదని పాఱవేయు తునకయందు ప్రాణమును చూచిన దృష్టియే మెక్యూయెన్ గొప్పతనము. ఆయన తీసివేయని ఆ చిన్నవాని చేయియే నేటి పరిశోధకులకు త్రోవ చూపుచున్నది.