చిత్తజల్లు పుల్లయ్యగారు – రెండు లవకుశలు

తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును మన గ్రంథాలయపు బీరువాలో ప్రక్కప్రక్కన కలవు. వానిని చదివి రసము గ్రహింపగలవారు ఏ గ్రామమునందైనను కొలదిమందియే. అయినను నిండు చూలాలైన సీతమ్మను అడవికి పంపిన కథ యెఱుగని యిల్లు మన ప్రాంతమున ఒకటియు లేదు. ఆ కథ స్త్రీలు పాడుకొను పాటలవలన కొంత, హరిదాసులవలన కొంత తెలిసినది. తక్కినది కాకినాడ వాస్తవ్యులొకరు ఇరువదితొమ్మిదేండ్ల యెడముతో రెండుమారులు తెరకెక్కించిన చిత్రమువలన తెలిసినది. వారే చిత్తజల్లు పుల్లయ్యగారు.

పుల్లయ్యగారు 1898లో కాకినాడలో జన్మించిరి. వారి యౌవనమున సినిమా యనునది మాటలేని బొమ్మ. మదరాసులో రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారులు ప్రకాశ్‌గారును చిత్రనిర్మాణమునకు పూని 1921లో భీష్మప్రతిజ్ఞను తీసిరి. పుల్లయ్యగారు ఆ తండ్రీకొడుకుల చెంత చేరి పని నేర్చుకొనిరి. పిమ్మట బొంబాయికి పోయి అచ్చటి పద్ధతులను కూడ చూచి వచ్చిరి. వచ్చినవారు ఊరకుండక కాకినాడలో తమ యింటనే మార్కండేయుని కథను మూకీచిత్రముగా తీసి, అందు యముని వేషమును తామే ధరించిరి. స్టూడియో యనుదానిని మన జిల్లాలలో ఎవరును కంట చూడని కాలమది.

1932లో హెచ్. ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాద వెలువడినది మొదలు తెలుగు బొమ్మకు మాట వచ్చెను. మాట వచ్చెనేకాని నిలువ నీడ లేకపోయెను. తెలుగు చిత్రము తీయదలచినవారు నటులను, వాద్యములను, వంటవారిని వెంటబెట్టుకొని రైలెక్కి బొంబాయికో కలకత్తాకో పోవలసి యుండెను. పుల్లయ్యగారు కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారికి 1933లో సావిత్రి చిత్రమును తీసి యిచ్చిరి. దాసరి రామతిలకము సావిత్రి. వేమూరి గగ్గయ్య యముడు. అది ప్రజలకు నచ్చుటచే ఆ కంపెనీ వారే మఱుసటియేట లవకుశను తీయించిరి.

1934 నాటి ఆ లవకుశలో పారుపల్లి సుబ్బారావు శ్రీరాముడు, శ్రీరంజని సీత. కుశలవులుగా భీమారావు, మల్లేశ్వరరావు అను బాలురు నటించిరి. వెనుకనుండి వేఱొకరు పాడుట అప్పటికి మన చిత్రములలో లేదు. ఎవరి పాట వారే, కెమెరా యెదుట నిలిచి, నటించుచునే పాడవలెను. రాగము తప్పినను, మాట తడబడినను మరల మొదటికి రావలసినదే. పసివాండ్రచేత అట్లు పాడించుట యెంత యోర్పుతో కూడిన పనియో పిల్లలకు పద్యము నేర్పినవారు ఊహింపగలరు.

చిత్రము వచ్చిన పట్టణములకు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని పోయిరి. గడప దాటని స్త్రీలు సైతము పోయిరి. ఆనాడు నూటికి ఇంచుమించు తొంబదిమందికి అక్షరము రాదు. వారందఱకును ఉత్తరకాండ యొక్క రాత్రిలో కంటికి కట్టెను. పుస్తకములతో పని లేకుండ ఒక గ్రంథాలయము చేయవలసిన పనిని ఆ బొమ్మ చేసినదని నేనందును. కొందఱు పెద్దలు ఈ మాటకు కోపింతురేమో.

పండితుల ఆక్షేపణ యొకటి కలదు. వాల్మీకమున చాకలివాని ప్రసక్తి లేదు; పురజనులు అనుకొను మాటలను భద్రుడనువాడు రామునకు విన్నవించును. కుశలవులు యాగాశ్వమును పట్టి తండ్రితో పోరుటయు అందు లేదు. ఆ బాలురు యజ్ఞవాటికలో రామాయణమును గానము చేయుదురు, అంతే. ఈ కల్పనలు ఇతర పురాణములనుండియు జానపదుల నోటినుండియు వచ్చినవి. నిజమే. కాని పుల్లయ్యగారు వానిని క్రొత్తగా పుట్టింపలేదు. జనుల హృదయమున అప్పటికే నాటుకొని యున్న కథను తీసికొనిరి. మఱియొక సంగతి చూడుడు. మహాకవి భవభూతి తన నాటకమున సీతారాములను తుదకు కలిపివైచెను. లవకుశ చిత్రమున మాత్రము, వాల్మీకమునందు వలెనే, సీత భూమిలోనికి పోవును. చూపరులను సంతోషపెట్టి పంపవలెనని కథను త్రిప్పకపోవుట చిన్న సాహసము కాదు.

తరువాతి చిత్రములను అన్నిటిని పేర్కొన నవకాశము లేదు. 1936లో బాలబాలికలచేతనే వేషములు వేయించి సతీ అనసూయ, ధ్రువవిజయము తీసిరి. కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయమును 1939లో తీసి భానుమతిని లోకమునకు చూపిరి. 1942లో బాలనాగమ్మ, 1947లో గొల్లభామ వారివే.

అరువదేండ్లు వచ్చిన పిదప, 1958 ప్రాంతమున, వారు మరల లవకుశకు ఉపక్రమించిరి. ఈసారి సంపూర్ణముగా రంగులలో. అంతకుముందు తెలుగున అట్టి చిత్రము లేదు. నిర్మాత శంకరరెడ్డిగారు. రంగుల చిత్రమునకు వ్యయము మిక్కుటము. కొంత తీసినపిమ్మట ధనము చాలక పని నిలిచిపోయెను. జమాఖర్చులు వ్రాసి బ్రతుకువాడను గనుక నాకు ఈ ఘట్టము చదివినపుడెల్ల గుండె బరువెక్కును. ఖర్చు పద్దు నిండి జమ పద్దు ఖాళీగా నుండ, సగము తీసిన రామకథ పెట్టెలలో ఉన్నది. తీసినవారికి వయస్సు మీఱుచున్నది.

కొన్నియేండ్లకు ధనము సమకూడెను. అప్పటికి పుల్లయ్యగారి ఆరోగ్యము చెడెను. వారి కుమారులు సి. యస్. రావుగారు తండ్రి విడిచిన చోటనుండి అందుకొని పూర్తిచేసిరి. 1963 మార్చి 29వ తేదీన విడుదలయైన ఆ చిత్రమునకు దర్శకులుగా తండ్రీకొడుకు లిరువురి పేర్లును ఉన్నవి. ఘంటసాల సంగీతము కూర్చిరి. ఈ మారు కుశలవుల గానము లీల, సుశీలలది. తెరపై బాలురు పెదవులు కదపిరి. అందు సీతయైన అంజలీదేవి గొల్లభామలో మోహినిగా పేరు తెచ్చుకొనిన నటి. రాముడైన నందమూరి తారక రామారావుగారు తొలుత తెరపై కనబడినది 1949 నాటి మనదేశము చిత్రమున. దానిని నిర్మించిన కృష్ణవేణి, పుల్లయ్యగారి సతీ అనసూయలో బాలనటి. వారు నాటిన విత్తులు అట్లు తిరిగి వారి పొలమునకే వచ్చినవి.

లవకుశ తరువాత వారు విశ్రమింతురని అందఱును తలచియుందురు. కాని 1966లో పరమానందయ్య శిష్యుల కథను తీసి జనులను కడుపుబ్బ నవ్వించిరి. 1967లో భువనసుందరి కథ వచ్చినది. ఆ యేటనే అక్టోబరు 6వ తేదీన పుల్లయ్యగారు పరమపదించిరి.