కలియుగభీమ కోడి రామమూర్తినాయుడుగారు

ఉత్తరాంధ్రమున వీరఘట్టమున జన్మించిన శ్రీ కోడి రామమూర్తినాయుడుగారు బాల్యముననే మాతృవియోగము నొంది, విజయనగరమున పినతండ్రి యింట పెరిగిరి. అచ్చట మల్లవిద్య నభ్యసించి, చెన్నపురి సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించి, విజయనగర పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి. పిమ్మట సర్కసు నెలకొల్పి దేశదేశముల ఖ్యాతి గాంచిరి. ఱొమ్మునకు జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచిరి. ఏనుగును ఱొమ్ముపై నిలిపిరి. ప్రాణాయామమును, శాకాహారనియమమును ఆ బలమునకు మూలములు. 1942లో దివంగతులైరి.

యంత్రములు బరువులు మోయు నీ కాలమున మల్లవిద్య యేల యని మన జక్రాన్‌పల్లి యువకు లడుగవచ్చును. మనస్సును, శ్వాసను వశపఱచుకొనుటకే యని మేము చెప్పుదుము. సంఘపోషకులారా! కుస్తీపందెములకు బహుమతు లిచ్చుటతో తృప్తి నొందక, బాలబాలికలకు నిత్యము నేర్పు గురువునకు జీత మేర్పఱుపుడు. రామమూర్తిగారును మొదట ఉపాధ్యాయులే గదా!