నిలువ నీడలేని వితంతువులకు అమ్మ.. రాజ్యలక్ష్మమ్మ
వీరేశలింగం ఆశయానికి గూడు కట్టిన ఇల్లాలు
రేపు వర్ధంతి

రాజమహేంద్రవరం, ఆగస్టు 10: వితంతు పునర్వివాహాలనగానే తెలుగువారికి కందుకూరి వీరేశలింగం పంతులు గుర్తుకు వస్తారు. వేదికలపై వాదించినదీ, పత్రికల్లో రాసినదీ ఆయనే. అయితే ఇంటి నుంచి గెంటివేతకు గురైన వితంతువుకు ఆ రాత్రి తలదాచుకునే చోటు చూపి, అన్నం పెట్టి, కన్నీరు తుడిచిన చేయి మాత్రం ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మది. ఆమె కన్నుమూసి ఆగస్టు 11 నాటికి శతాబ్దం దాటింది.

బాపమ్మే రాజ్యలక్ష్మి

రాజమండ్రి సమీపంలోని కాతేరు గ్రామంలో 1851 నవంబరు 5న ఆమె జన్మించారు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. నాటి ఆచారం ప్రకారం బాల్యంలోనే వీరేశలింగంతో వివాహం జరిగింది. అత్తగారు పున్నమ్మ తమ ఇంటి కోడలికి రాజ్యలక్ష్మి అని పేరు మార్చారు. భర్త వద్దనే ఆమె చదువు నేర్చుకున్నారు. వీరేశలింగం ఉపాధ్యాయునిగా పనిచేస్తున్న ధవళేశ్వరంలో 1874లో బాలికల పాఠశాలను నెలకొల్పగా, అదే ఏడాది వివేకవర్ధని పత్రిక వెలువడింది. స్త్రీ విద్యను లోకానికి బోధించే ముందు ఆయన దానిని సొంత ఇంటిలోనే ఆరంభించారు.

చట్టం ఉన్నా చోటు లేదు

హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లోనే వచ్చింది. పాతికేళ్లు గడిచినా గోదావరి తీరాన అది కాగితాలకే పరిమితమైంది. అందుకు కారణం లేకపోలేదు. పెళ్లికి సమ్మతించిన మరుక్షణం ఆ యువతికి పుట్టిల్లు, అత్తిల్లు రెండూ మూతపడేవి. పెళ్లి కుదిరేవరకు ఆమె ఎక్కడ ఉండాలి? పెళ్లి తరువాత ఆ జంటకు ఇల్లు అద్దెకిచ్చేదెవరు? నిప్పు, నీరు ఇచ్చేదెవరు? ఉపన్యాసాలు తీర్చలేని ఈ చిక్కును రాజ్యలక్ష్మమ్మ తన వంటింటి నుంచే తీర్చారు. ఆశ్రయం కోరి వచ్చిన ప్రతి యువతికీ పంతులుగారి ఇల్లే పుట్టిల్లయింది.

చారిత్రక వివాహం

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహాన్ని వీరేశలింగం జరిపించారు. తెలుగునాట ఆయన ఆధ్వర్యంలో జరిగిన తొలి వితంతు వివాహమిది. పట్టణంలో ఉద్రిక్తత చెలరేగడంతో పోలీసు బందోబస్తు అవసరమైంది. విద్యార్థులు వీధుల్లో కాపలా కాశారు. కాకినాడకు చెందిన వర్తక ప్రముఖుడు పైడా రామకృష్ణయ్య ఈ ఉద్యమానికి రూ.10 వేలు విరాళమిచ్చి అండగా నిలిచారు. నాలుగు రోజులకే, డిసెంబరు 15న రెండో వివాహం కూడా జరిగింది.

ఆ ఇంటి లోపలి కష్టం వేరు. వంటవారు రావడం మానేశారు. నీళ్లు మోసేవారు ముఖం చాటేశారు. అండగా ఉంటామన్న మిత్రులు కొందరు వెలి భయంతో వెనక్కి తగ్గి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. భర్తను విడిచి వచ్చేయమని బంధువులు రాజ్యలక్ష్మమ్మపై ఒత్తిడి తెచ్చారు. ఆమె చలించలేదు. బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు. పెళ్లివారందరికీ స్వయంగా వండి వడ్డించారు. నాడు ఆమె పుట్టింటి మాట విని వెళ్లిపోయి ఉంటే ఆ ఉద్యమం తొలి అడుగులోనే ఆగిపోయేదేమో.

ఇల్లు నుంచి శరణాలయానికి

వివాహాల సంఖ్య పెరిగేకొద్దీ ఇల్లు చాలలేదు. కొత్త జంటలను ఊరు వెలివేసేది. వారి బాధ్యతా పంతులుగారిదే. పెళ్లి కోరని వితంతువులు సైతం చదువు కోసం, రక్షణ కోసం ఆ గడప తొక్కారు. మోసపోయి దిక్కులేనివారైన యువతులను, తల్లిదండ్రులు లేని పసివారిని సైతం రాజ్యలక్ష్మమ్మ అక్కున చేర్చుకున్నారు. తమకు సంతానం లేకపోయినా ఆ దంపతుల ఇల్లు ఎన్నడూ బోసిపోలేదు.

1897లో దంపతులు మద్రాసుకు తరలివెళ్లారు. ఆ మరుసటి ఏడాది, 1898లో అక్కడ వితంతు శరణాలయాన్ని ప్రారంభించారు. అంతవరకు ఒక కుటుంబం మోసిన భారం ఆ నాటి నుంచి సంస్థ రూపం దాల్చింది. నిధుల కోసం పంతులుగారు తిరగగా, లోపలి పాలన రాజ్యలక్ష్మమ్మ చూశారు. రోగాలు వచ్చినా, తగవులు వచ్చినా, బెంగ పెట్టుకున్నా చక్కదిద్దవలసింది ఆమే. 1905లో రాజమండ్రికి తిరిగివచ్చిన తరువాత ఇక్కడి శరణాలయానికీ ఆమే తల్లి స్థానంలో నిలిచారు.

యావదాస్తి ధారాదత్తం

వ్యక్తులు పోయినా ఆశ్రయం నిలవాలన్న తలంపుతో 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తమ యావదాస్తినీ దానికి ధారపోశారు. వార్ధక్యంలో సొంతానికి ఏమీ మిగుల్చుకోని ఈ నిర్ణయానికి ఆమె మనసారా సమ్మతించారు. నగలు, పొలాలే స్త్రీకి భద్రత అని భావించే కాలంలో ఇది చిన్న త్యాగం కాదు.

1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మ తుదిశ్వాస విడిచారు. అర్ధశతాబ్ది సాహచర్యం తెగిపోవడంతో పంతులుగారు కుంగిపోయారు. తన స్వీయచరిత్రను ఆమెకే అంకితమిచ్చారు. 1919 మే 27న మద్రాసులో ఆయన కన్నుమూసే నాటికి ఆయన చొరవతో జరిగిన వితంతు వివాహాలు సుమారు 40. ఆ వధువుల్లో ఎందరో పెళ్లికి ముందు రాజ్యలక్ష్మమ్మ చేతి ముద్ద తిన్నవారే.

నగరంలోని ఆనందోద్యానవనంలో ఆమె సమాధి ఉంది. ఆమె పేరిట మహిళా కళాశాల వెలసింది. వీరేశలింగం జయంతి, వర్ధంతులకు పూలమాలలు వేసే నగరవాసులు ఆగస్టు 11న ఈ తల్లిని సైతం స్మరించుకోవడం సముచితం. సంస్కరణ ఉపన్యాసంతో మొదలైనా, అది నిలబడింది ఆమె తెరిచి ఉంచిన తలుపు వల్లనే.