స్టాఫ్ రూములో నీళ్ల కుండ: కాలేజీలు కట్టిన అంబేద్కర్

జూన్ మొదటి వారంలో మల్కాపురం పక్కన ఒక చిన్న కాలేజీవాళ్లు నన్ను పిలిచారు. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు అధ్యాపకులకు రెండు రోజుల సమావేశం పెట్టుకున్నారు. పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి విద్య గురించి ఒక గంట మాట్లాడమన్నారు. అజెండా కాగితం చేతికిచ్చారు. అడ్మిషన్ల లెక్క, టైంటేబుల్, బయోమెట్రిక్ హాజరు, జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు, యూనిఫాం. అన్నీ ఉన్నాయి. వచ్చే పిల్లలెవరు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ఆ కాలేజీకి వచ్చే పిల్లలెవరో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. షిప్‌యార్డులో, రిఫైనరీలో, పోర్టులో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ల పిల్లలు. మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్లు. సగానికి సగం మంది రాత్రిపూట ఏదో ఒక పని చేసుకుంటూ పొద్దున క్లాసులో కునికిపాట్లు పడేవాళ్లు. అందుకే ఆ గంటలో నేను విద్యా సిద్ధాంతాలేమీ చెప్పలేదు. కాలేజీలో చదివి, కాలేజీలో పాఠం చెప్పి, కాలేజీకి ప్రిన్సిపల్‌గా ఉండి, చివరికి తానే కాలేజీలు కట్టిన ఒక మనిషి జీవితం చెప్పాను.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ని మనం రాజ్యాంగ నిర్మాతగా తలుచుకుంటాం. ఏప్రిల్ 14న దండ వేస్తాం, డిసెంబర్ 6న కొవ్వొత్తి వెలిగిస్తాం. ఆయన జీతం తీసుకుని పాఠాలు చెప్పిన పంతులని, అధ్యాపకుల్ని వెతికి తెచ్చుకున్న యాజమాన్యమని పెద్దగా మాట్లాడుకోం.

పంతులు కొడుకు

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదార్. ఆయన అసలు పని బడి. సైన్యం నడిపే పాఠశాలల కోసం పుణెలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఏళ్ల తరబడి సైనిక పాఠశాలలో చదువు చెప్పారు. మహర్ కులస్థుడికి ఊరి బడిలో దొరకని పంతులు ఉద్యోగం సైన్యంలో దొరికింది. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్లు మహర్లను సైన్యంలోకి తీసుకోవడమే మానేశారు. ఆ తలుపు కూడా మూసుకుంది.

పంతులు కొడుక్కి సతారా బడిలో ఎదురైన సంగతి మనకు తెలిసిందే. కూర్చోడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోవాలి. దాహమేస్తే కుళాయి తను ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. కుటుంబం బొంబాయికి మారాక ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేరారు. అది ప్రభుత్వ బడి, మహానగరం. అక్కడ కూడా లెక్క చేయడానికి పంతులు ఆయన్ని బోర్డు దగ్గరకు పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని పిల్లలు పరుగెత్తుకెళ్లి తీసేసుకున్నారు.

ఇన్ని అడ్డంకుల మధ్య ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు ఆయన దారి మార్చారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు, రచయిత, తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆయన చేతిలో పెట్టారు. పై చదువుకు డబ్బుల్లేనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ దగ్గర మాట్లాడి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇప్పించారు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు, బట్టలు ఇచ్చి ఆదుకున్నారు. అదే కాలేజీలో హోటల్ నడిపే బ్రాహ్మణుడు మాత్రం ఆయనకు టీ గానీ నీళ్లు గానీ ఇవ్వలేదు. ఒకే ప్రాంగణంలో పుస్తకం ఇచ్చే చెయ్యీ, నీళ్లు ఇవ్వని చెయ్యీ ఉన్నాయి.

1918: ప్రొఫెసర్‌కీ తప్పని మైల

1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి, 1916లో లండన్‌కి వెళ్లిన అంబేద్కర్, స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో తిరిగొచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో తలదాచుకుంటే కులం తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు.

1918 నవంబర్‌లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరారు. మొదట్లో విద్యార్థులు ఈయనేం చెబుతాడులే అన్నట్టు చూశారు. కొద్ది నెలల్లో పరిస్థితి తిరగబడింది. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. తరగతి గది ఆయన్ని ఒప్పుకుంది. ఒప్పుకోనిది స్టాఫ్ రూమే. అధ్యాపకులందరి కోసం అక్కడ పెట్టిన కుండలో నీళ్లు ఆయన తాగకూడదని కొందరు సహ అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆ కాలేజీ గదిలో నిశ్శబ్దం. అంటరానితనం అనగానే మనకు ఊరి బావి గుర్తొస్తుంది, కాలేజీ గుర్తురాదు. అక్కడ అభ్యంతరం చెప్పింది చదువుకోని వాళ్లు కాదు, డిగ్రీలున్న ప్రొఫెసర్లు. కొత్త సంవత్సరానికి ముందు తయారవ్వాల్సింది పిల్లలా, పెద్దలా అని ఆ కుండ అడుగుతూనే ఉంది.

అంబేద్కర్ ఆ ఉద్యోగాన్ని లండన్ చదువుకు డబ్బు కూడబెట్టే మార్గంగా పెట్టుకున్నారు. పరేల్‌లో కార్మికులుండే చాల్లో రెండు గదుల్లో కుటుంబం. ఇంటి ఖర్చుకు కొంత రమాబాయి చేతికిచ్చి మిగిలింది దాచేవారు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టారు. ప్రభుత్వ ఉద్యోగి కావడంతో సంపాదకుడిగా తన పేరు వేసుకోలేదు. అదే ఏడాది మార్చిలో రాజీనామా చేసి, దాచుకున్న డబ్బు, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం, పార్శీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పుతో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో బారిస్టర్‌గా తిరిగొచ్చారు, డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా కూడా అదే ఏడాది దక్కింది.

ముందు హాస్టల్

తిరిగొచ్చి 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. ఆ సభ తొలి పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరవడం. బడిలో సీటు ఉన్నా ఊళ్లో ఉండడానికి చోటు దొరకని పిల్లాడు చదవలేడని బరోడాలో ఇల్లు దొరకని మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. 1928లో అణగారిన వర్గాల విద్యా సంఘం పెట్టి హాస్టళ్ల పని ఇంకా విస్తరించారు. ఆ కాలంలోనే మన వైపు హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పిల్లల కోసం బడులు నడుపుతున్నారు. ఒకరినొకరు చూసి నేర్చుకున్నా, నేర్చుకోకపోయినా, దళిత ఉద్యమం ఎక్కడ తలెత్తినా మొదట బడే కట్టింది.

1927లో బొంబాయి శాసనమండలి సభ్యుడిగా విద్య పద్దు మీద మాట్లాడుతూ అంబేద్కర్ ఒక లెక్క బయటపెట్టారు. ప్రభుత్వం మద్యం మీద ప్రజల నుంచి రాబడుతున్న దాంట్లో తలకు ఎంత పడుతోందో, చదువు మీద ఖర్చు చేస్తున్నది తలకు ఎంత పడుతోందో పక్కపక్కన పెట్టి చూపించారు. మద్యం లెక్కే పెద్దది. కనీసం వాళ్ల దగ్గర తీసుకున్నంతైనా వాళ్ల చదువుకు తిరిగి ఇవ్వాలన్నది ఆయన వాదన. దాదాపు వందేళ్ల తర్వాత ఈ రాష్ట్రంలో కూచుని ఆ లెక్క విన్నవాళ్లెవరూ నాకు అర్థం కాలేదని అనలేదు.

ఈ మధ్యలో ఆయన పాఠం చెప్పడం మానలేదు. ప్రాక్టీసు సరిగా నిలదొక్కుకోని రోజుల్లో బట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం చెప్పారు. 1928లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీలో పార్ట్‌టైం ప్రొఫెసర్ అయ్యారు. 1935 మే 27న రమాబాయి చనిపోయారు. జూన్ మొదట్లో అదే లా కాలేజీకి ప్రిన్సిపల్‌గా బాధ్యత తీసుకున్నారు. భార్య పోయిన వారం తిరిగేలోపు కొత్త విద్యా సంవత్సరం, కొత్త కుర్చీ. 1918లో కుండ దగ్గర ఆపిన నగరంలోనే ఇప్పుడు ఒక ప్రభుత్వ కాలేజీ అధ్యాపకులందరూ ఆయన కింద పనిచేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించారు.

సిద్ధార్థ, మిళింద

1942 నుంచి 1946 వరకు అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పై చదువు కోసం ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చింది అప్పుడే. ఈ రోజు మన పిల్లలు ఎదురుచూసే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మూలాలు 1944లో ఉన్నాయి. అది ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 1944లోనే ఆయన మద్రాసు, తీరాంధ్ర ప్రాంతాల్లో పర్యటించారు.

1945 జూలై 8న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946 జూన్ 20న బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. మొదట సొంత భవనం లేదు, యుద్ధకాలంలో కట్టిన సైనిక బ్యారక్‌లలో తరగతులు నడిచాయి. భవనం కన్నా ముందు ఆయన రెండు విషయాలు చూసుకున్నారు. ఒకటి టైంటేబుల్. పగలు ఉద్యోగం చేసుకునే పేద విద్యార్థికి వీలయ్యేలా తరగతులు పొద్దున్నే పెట్టారు. విద్యార్థి బతుకును టైంటేబుల్‌కి సర్దుకోమనలేదు, టైంటేబుల్‌నే విద్యార్థి బతుక్కి సర్దారు. రెండోది అధ్యాపకులు. తొలి ప్రిన్సిపల్‌గా తీసుకొచ్చింది గజేంద్రగడ్కర్ అనే సంస్కృత పండితుణ్ని, బ్రాహ్మణుణ్ని. సీట్లు అన్ని కులాల వాళ్లకీ తెరిచారు.

దీని మీద అప్పుడూ ఇప్పుడూ మనలో వాదన ఉంది. మన కాలేజీకి మనవాళ్లే ఎందుకు కాలేదు అని. నాకు తోచింది ఇది. వందల ఏళ్లు చదువుకు దూరం చేసిన సమాజంలో 1946 నాటికి డిగ్రీ కాలేజీ నిండా దళిత ప్రొఫెసర్లు ఎక్కడ నుంచి వస్తారు? వాళ్లను తయారు చేయడానికే కదా కాలేజీ. అంతవరకు తన పిల్లలకు దొరకగలిగిన మంచి పంతులు కావాలి, ఆ పంతులు పిల్లాడి కులం చూడకూడదు. ఈ షరతు మీద ఆయన మనుషుల్ని ఎంచుకున్నారు.

1950 జూన్ 19న ఔరంగాబాద్‌లో రెండో కాలేజీ మొదలైంది. అప్పుడు ఔరంగాబాద్ మన హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ సమయానికి ఆయన కేంద్ర న్యాయశాఖ మంత్రి, హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడుతున్నారు, ఆరోగ్యం బాగాలేదు. అయినా మరాఠ్వాడా పిల్లల కోసం ఆ ఊరు ఎంచుకున్నారు. 1951 సెప్టెంబర్ 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భవనానికి శంకుస్థాపన చేశారు. అదే నెలలో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. పదవి పోయినా కాలేజీ ఆగలేదు.

ఆ కాలేజీకి మిళింద అని పేరు పెట్టారు, ప్రాంగణానికి నాగసేనవనం అని. బౌద్ధ సాహిత్యంలో మిళిందుడు ప్రశ్నలడిగిన రాజు, నాగసేనుడు జవాబు చెప్పిన భిక్షువు. కాలేజీకి గురువు పేరు కాకుండా ప్రశ్న అడిగినవాడి పేరు పెట్టడంలోనే అధ్యాపకుడికి చెప్పాల్సిందంతా ఉంది.

ప్రిన్సిపల్ ఎం.బి. చిట్నీస్ దళితుడు కాదు. కానీ ఆ పిల్లల మధ్య పనిచేస్తూ, అంటరానితనం చరిత్ర మీద యుగయాత్ర అనే నాటకం రాశారు. విద్యార్థులు దాన్ని ఆడారు. ఆ తర్వాతి కాలంలో మరాఠీ దళిత సాహిత్యానికి ఒక కేంద్రంగా నిలిచింది ఈ కాలేజీయే. అక్కడి అధ్యాపకుడు గంగాధర్ పాన్‌తావణే నడిపిన అస్మితాదర్శ్ పత్రికలో ఒక తరం రచయితలు పుట్టారు. పంతుళ్లు మారితే కాలేజీ ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు.

అజెండాలో చేర్చాల్సినవి

గంట అయిపోయింది. ఒక అధ్యాపకురాలు లేచి, ఇదంతా బాగుంది గానీ రేపు క్లాసులో మేమేం చెయ్యాలి తమ్ముడూ అని అడిగారు. అసలు ప్రశ్న అదే. నాకు తోచిన నాలుగు విషయాలు చెప్పాను.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం ఎస్సీ, ఎస్టీ వాళ్లు చేతులెత్తండి అని క్లాసు మధ్యలో అడగొద్దు. నేను డిగ్రీ చదివిన కాలేజీలో అలాగే అడిగేవారు. ఆ రోజు ఎత్తిన చెయ్యి ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ పని ఆఫీసులో, ఒక్కొక్కరితో విడిగా చెయ్యొచ్చు. రెండు, ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని హాల్‌టికెట్ ఆపొద్దు. ఆలస్యం పిల్లాడిది కాదు. మూడు, ఎవరు రాత్రి పని చేస్తున్నారో మొదటి వారంలోనే తెలుసుకుని, ల్యాబులు, పరీక్షలు ఆ లెక్కన పెట్టండి. నాలుగు, వివక్ష మీద ఫిర్యాదు వింటానికి ఒక మనిషి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన తెచ్చింది. ఆ మనిషి పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాక కూడా ఇది కాగితం మీదే ఉందంటే తప్పు కాగితానిది కాదు.

ప్రిన్సిపల్ గారు నాలుగూ రాసుకున్నారు. మూడోది కష్టం అన్నారు, టైంటేబుల్ అప్పటికే వేసేశారట. సిద్ధార్థ కాలేజీ పొద్దుటి తరగతుల సంగతి ఇంకోసారి గుర్తు చేశాను. చూద్దాం అన్నారు.

బయటికి వస్తుంటే స్టాఫ్ రూములో నీళ్ల క్యాను, దాని పక్కన స్టీలు గ్లాసులు కనిపించాయి. గదులు ఊడ్చే అమ్మ తన సీసాలో నీళ్లు తనే తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని తాగుతోంది. ఆమెను ఎవరూ ఆపి ఉండకపోవచ్చు, అలవాటే కావచ్చు. ఆ అలవాటు ఎలా మొదలైందో ఆ గదిలో కూర్చునేవాళ్లు ఒక్కసారి అడిగితే బాగుండు. కాలేజీ తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది.