గామా పహిల్వాన్ – బలసాధనలో సమతూకం

బలశాలి చరిత్ర చెప్పుకొనేటప్పుడు అతడెత్తిన బరువులను, పడగొట్టిన ప్రత్యర్థులను లెక్కించడం లోకరీతి. ఆ బలం ఎట్లా సమకూడింది, ఎంతకాలం నిలిచింది, దానికి తిండి ఎక్కడినుండి వచ్చింది అన్న ప్రశ్నలు సాధారణంగా వెనుకబడిపోతాయి. వ్యాయామం, ఆహారం, విశ్రాంతి అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మల్లయోధుని దేహం నిలువదని తెలుసుకోవడానికి గామా పహిల్వాన్ జీవితం చక్కని నిదర్శనం.

గామా అసలు పేరు గులాం మొహమ్మద్ బక్ష్. 1878లో, కాశ్మీరునుండి వచ్చి పంజాబులో స్థిరపడిన ముస్లిం మల్లయోధుల కుటుంబంలో జన్మించినాడు. తండ్రి అజీజ్ బక్ష్ కూడా పేరుపొందిన పహిల్వానే. బాలునికి సుమారు ఆరేళ్ళ వయస్సులో తండ్రి మరణించగా, మొదట మాతామహుడు, ఆ తరువాత దగ్గరి బంధువైన ఈదా పహిల్వాన్ అతని శిక్షణభారం వహించినారు. తండ్రి లేని పిల్లవానికి కుస్తీగోదాయే బడి, వస్తాదులే గురువులు అయినారు.

1888లో జోధ్‌పూర్ సంస్థానంలో ఒక వ్యాయామపు పోటీ జరిగింది. నాలుగువందలకు పైగా పహిల్వానులు పాల్గొన్న ఆ పోటీలో బస్కీలు తీయడమే ప్రధాన పరీక్ష. ఒక్కొక్కరే అలసి తప్పుకొనగా, చివరకు మిగిలిన పదిహేనుమందిలో పదేళ్ళ గామా ఒకడు. అతని లేతవయస్సును చూసి మహారాజు అతనినే విజేతగా ప్రకటించినాడు. ఈ కథలో ఇంతవరకే చాలామందికి తెలుసు. ఆ పోటీ అనంతరం కండరాలు బిగుసుకొని పోయి బాలుడు వారం రోజులు మంచం దిగలేదని కూడ చెబుతారు. కీర్తికి తోడుగా వచ్చిన ఈ బాధను మనం మరువరాదు. శక్తికి మించిన వ్యాయామాన్ని ఒక్కసారిగా చేస్తే కండరతంతువులు చితికి, వాటి శిథిలపదార్థాలు నెత్తురులో కలిసి, మూత్రపిండాలకు సైతం హాని కలుగవచ్చునని వైద్యశాస్త్రం హెచ్చరిస్తున్నది. బాలుడు కోలుకొన్నాడు, అది అదృష్టం. అందరికీ అట్టి అదృష్టం పట్టదు.

ఆ తరువాత దతియా మహారాజు గామాను ఆదరించి, శిక్షణకు కావలసిన వసతులు కల్పించినాడు. చిన్నతనంలో అతని ఆహారం ముఖ్యంగా పాలు, బాదంపప్పు, పండ్లరసం. వయస్సు వచ్చి సాధన పెరిగిన పిమ్మటనే మాంసరసం, నెయ్యి అధికంగా చేరినవి. దేహం చేసే పని ఎంత పెరిగితే తిండి అంత పెరగాలనేది వస్తాదుల లెక్క. పని లేకుండా తిండి పెంచితే కొవ్వు, తిండి లేకుండా పని పెంచితే క్షయం అని వారికి అనుభవం నేర్పింది.

కుస్తీగోదాల దినచర్య కూడా అట్టి క్రమంలోనే నడిచేది. తెల్లవారకముందే లేచి, గోదామట్టిని పారతో త్రవ్వి గుల్లచేయడం మొదటి పని. నూనె, పసుపు కలిపిన ఆ మెత్తని మన్నులో తోటివారితో పట్లు పట్టడం రెండవది. అటుపిమ్మట నూనెతో ఒళ్ళు మర్దించుకొని, స్నానం చేసి, కడుపునిండ తిని నిద్రపోవడం. సాయంకాలం మళ్ళీ దండీలు, బస్కీలు. ఈ క్రమంలో మర్దన, పగటినిద్ర అనేవి సోమరితనానికి గుర్తులు కావు. అవి సాధనలో భాగాలు. వ్యాయామ సమయంలో అలసి నలిగిన కండ, విశ్రాంతిలోనే మరమ్మతై మునుపటికంటె గట్టిపడుతుందని శరీరశాస్త్రం చెప్పే మాటను పహిల్వానులు ఆచరణలో ఏనాడో గ్రహించినారు.

గామా రోజుకు ఐదువేల బస్కీలు, మూడువేల దండీలు తీసేవాడని ప్రచారం ఉన్నది. బస్కీలు తీసేటప్పుడు మెడలో కంటెవలె ధరించిన 95 కిలోల చక్రాన్ని పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ ప్రదర్శనశాలలో భద్రపరచినారు. ఆ సంఖ్యలలో అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చు. సంఖ్యకంటె దాని వెనుకనున్న మెట్లు ముఖ్యం. ఐదేళ్ళ ప్రాయంనుండి మెల్లమెల్లగా పెంచుకొంటూ పోయిన సాధన అది. ఒక వేసవి సెలవులలో సంపాదించినది కాదు.

ఆ సాధన ఫలం లండనులో లోకానికి తెలిసింది. 1910లో తమ్ముడు ఇమాం బక్ష్‌తో కలిసి గామా అక్కడికి వెళ్ళగా, పొట్టివాడన్న నెపంతో పోటీలో ప్రవేశం దొరకలేదు. ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల ఆ మనిషి, ఎంత బరువువారైనా సరే, ముగ్గురు మల్లులను అర్ధగంటలో పడగొడతానని సవాలు విసిరినాడు. ఆగస్టులో అమెరికా మల్లుడు డాక్టర్ రోలర్‌ను మొదటిసారి రెండు నిమిషాలలోపల, రెండవసారి పది నిమిషాలలోపల చిత్తుచేసినాడు. సెప్టెంబరు 10న పోలండు దేశీయుడైన జిబిస్కోతో తలపడినాడు. తనకంటె ఎంతో బరువైన ఆ యోధుడు మొదటి నిమిషంలోనే క్రిందపడి, ఆపైన నేలను కరచుకొని లేవకపోయినాడు. రెండుగంటల ముప్పై ఐదు నిమిషాలపాటు గామా అతనిని తిరగవేయజూచినా ఫలితం తేలలేదు. 17వ తేదీన జరుగవలసిన రెండవ పోటీకి జిబిస్కో రాలేదు. విజయం గామాకు దక్కింది. అంతసేపు గోదాలో ఊపిరి చెదరక నిలువగలగడం బరువులెత్తినంత మాత్రాన అబ్బేది కాదు. అది బలానికి దమ్ము తోడైన స్థితి.

పదిహేడేళ్ళు గడచిన పిమ్మట, 1928 జనవరిలో, పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ ఏర్పాటుచేసిన గోదాలో ఆ ఇద్దరే మళ్ళీ ఎదురుపడినారు. ఇద్దరూ ఏబదియేండ్లకు దగ్గరపడినవారే. ఈసారి ఒక్క నిమిషంలోపలనే జిబిస్కో చిత్తు అయినాడు. యౌవనబలం ప్రకృతి ఇచ్చే కానుక. ఏబదియేండ్ల బలం క్రమశిక్షణ నిలిపిన ఆస్తి. గామా జీవితంలో అన్నిటికంటె గొప్ప విజయంగా ఎంచదగినది ఇదే.

1947లో దేశవిభజన తరువాత గామా లాహోరులో స్థిరపడినాడు. ఆ అల్లకల్లోలపు రోజులలో తన వీధిలోని హిందూ కుటుంబాలకు అడ్డుగా నిలిచి, వారిని క్షేమంగా సాగనంపినాడని ప్రసిద్ధి. హిందూ సంస్థానాధీశుల పాలు, బాదములు పోసి పెంచిన దేహం ఆ ఋణాన్ని ఈ విధంగా తీర్చుకొన్నది. సంస్థానాలు అంతరించగా పహిల్వానులకు ఆదరువు కూడా పోయింది. జబ్బుతో, లేమితో గడచిన చివరి రోజులలో సరిహద్దు ఇవతలి నుండి పారిశ్రామికవేత్త ఘనశ్యామదాస్ బిర్లా ఆర్థికసహాయం పంపినాడు. 1960 మే 23న లాహోరులో గామా కన్నుమూసినాడు.

హైదరాబాదు పాతబస్తీ తాలీంలలో నేటికీ దండీలు, బస్కీలు సాగుతూనే ఉన్నవి. కరాటే, జూడో వంటి యుద్ధకళలను అభ్యసించే యువకులకు కూడా అవే సూత్రాలు వర్తిస్తాయి. పేదవిద్యార్థికి నెయ్యి, బాదములు అందుబాటులో లేకపోవచ్చును. పప్పు, గ్రుడ్డు, వేరుసెనగ, పాలు, కూరలు చాలు. దేహాన్ని కష్టపెట్టిన దినాన దానికి తగిన తిండి, తగిన నిద్ర ఇవ్వడం మన కర్తవ్యం. వసతిగృహంలో అర్ధరాత్రిదాకా మేల్కొని, ఉదయం ఉపవాసంతో బరువులెత్తే మిత్రులు ఈ విషయం ఆలోచించాలి. కళాశాలలకు వ్యాయామశాల ఎంత అవసరమో, విద్యార్థి భోజనశాలలో పోషకాహారం అంత అవసరమని పెద్దలు కూడా గుర్తించాలి. మహారాజుల ఆదరణ పోయిన ఈ కాలంలో బలసాధనకు ఆదరువు విద్యాసంస్థలే కావలసి ఉన్నది.