యంత్రవైద్యుడు జేమ్స్ వాట్

యంత్రాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు. కనిపెట్టిన యంత్రాన్ని ఏళ్ల తరబడి సక్రమంగా నడిపించడం మరొక ఎత్తు. మొదటి పని చేసినవారికి చరిత్రలో స్థానం లభిస్తుంది. రెండవ పని చేసేవారి పేర్లు సాధారణంగా మరుగున పడిపోతాయి. ఈ రెండింటిలోనూ ఆరితేరిన అరుదైన వ్యక్తి జేమ్స్ వాట్. ఆవిరి యంత్రం అనగానే ఆయన పేరే స్ఫురిస్తుంది. నీరు మరుగుతున్న పాత్ర మూత ఎగిరిపడడం చూసి ఆయన బాల్యంలోనే ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. వాస్తవం వేరు. వాట్ జన్మించే నాటికే ఇంగ్లండు గనులలో ఆవిరి యంత్రాలు పనిచేస్తున్నాయి. ఆయన చేతికి వచ్చినది సరిగా నడవని ఒక చిన్న నమూనా. దానిని బాగుచేయడానికి పూనుకొని ఆయన పారిశ్రామిక చరిత్రనే మలుపు తిప్పాడు.

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లండులోని గ్రీనాక్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ఓడలకు కావలసిన సామగ్రిని సమకూర్చేవాడు. నావికులు వాడే పరికరాలను బాగుచేసేవాడు. తాత గణితం బోధించిన ఉపాధ్యాయుడు. పసితనంలో వాట్ తరచూ జబ్బుపడేవాడు. అందువల్ల చాలాకాలం ఇంటివద్దనే చదువుకున్నాడు. తండ్రి పనిశాల ఆయనకు రెండవ పాఠశాల అయింది. పరికరాలను విడదీయడం, వాటి లోపాన్ని గుర్తించడం, తిరిగి కూర్చడం ఆయనకు అక్కడే అలవడింది.

1755లో వాట్ లండన్ వెళ్లి శాస్త్ర పరికరాల తయారీలో ఒక సంవత్సరం శిక్షణ పొందాడు. 1756లో స్కాట్లండుకు తిరిగి వచ్చాడు. అదే సమయంలో జమైకా నుండి గ్లాస్గో విశ్వవిద్యాలయానికి కొన్ని ఖగోళ పరికరాలు చేరాయి. సముద్ర ప్రయాణంలో ఉప్పుగాలి తగిలి అవి పాడైపోయాయి. వాటిని శుభ్రపరచి వాడకానికి తెచ్చే బాధ్యత వాట్‌కు అప్పగించారు. ఆయన పనితనం ఆచార్యులకు నచ్చింది. 1757లో విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఒక గదిని పనిశాలగా ఇచ్చారు. విఖ్యాత రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ తరచూ అక్కడికి వచ్చేవాడు. ఒకరు గ్రంథాలు చదివిన ఆచార్యుడు, మరొకరు చేతిపని తెలిసిన నిపుణుడు. వారి స్నేహం జీవితాంతం నిలిచింది.

ఆ రోజుల్లో గనుల నుండి నీటిని తోడడానికి థామస్ న్యూకొమెన్ రూపొందించిన యంత్రాన్ని వాడేవారు. అది 1712లో తొలిసారిగా పనిలోకి వచ్చింది. దాని పనితీరు సులభంగానే అర్థమవుతుంది. ఒక పెద్ద సిలిండరులోకి ఆవిరిని పంపుతారు. తరువాత లోపల చన్నీటిని చిమ్ముతారు. ఆవిరి ఘనీభవించి నీరవుతుంది. లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగుతుంది. దానికి అనుసంధానించిన దూలం రెండవ కొన పైకి లేచి పంపును లాగుతుంది.

విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి ఈ యంత్రానికి ఒక చిన్న నమూనా ఉండేది. అది సరిగా నడవడం లేదని లండన్‌కు పంపినా ప్రయోజనం లేకపోయింది. చివరకు 1763-64 చలికాలంలో ఆ నమూనా వాట్ చేతికి వచ్చింది. ఆయన దానిని నడిచే స్థితికి తెచ్చాడు. అయినా నాలుగైదు మార్లు కదిలి అది ఆగిపోతూనే ఉంది. బాయిలరులోని ఆవిరి చాలడం లేదు.

సాధారణ పనివాడైతే తన పని అయిపోయిందని భావించి నమూనాను తిరిగి పంపేవాడు. వాట్ అలా చేయలేదు. రోగిని చూసిన వైద్యుడు రోగలక్షణంతో తృప్తిపడక రోగకారణాన్ని వెదకినట్లు, అంత ఆవిరి ఏమవుతున్నదో తెలుసుకోదలచాడు. ప్రయోగాలు ప్రారంభించాడు. నీరు ఆవిరిగా మారితే ఎన్ని రెట్లు వ్యాకోచిస్తుందో, ఒక్కొక్క మారు ఎంత ఆవిరి ఖర్చవుతున్నదో కొలిచాడు. సిలిండరు పరిమాణానికి ఎన్నో రెట్లు ఆవిరి వృథా అవుతున్నట్లు తేలింది. ఆవిరిలో గుప్తంగా ఉండే ఉష్ణాన్ని గురించి జోసెఫ్ బ్లాక్ అంతకు ముందే కనుగొన్న విషయాలు ఈ పరిశోధనకు వెలుగునిచ్చాయి. అసలు లోపం ఇది: ప్రతిసారీ చన్నీటితో సిలిండరు చల్లబడుతున్నది; మరుసటి మారు వచ్చిన ఆవిరిలో అధికభాగం దానిని మళ్లీ వేడిచేయడానికే ఖర్చవుతున్నది. ఇది ఆ చిన్న నమూనాకే పరిమితమైన లోపం కాదు. గనులలోని ప్రతి యంత్రం ఇదే విధంగా బొగ్గును వృథా చేస్తున్నది.

1765లో ఒక ఆదివారం గ్లాస్గో నగరంలోని పచ్చిక మైదానంలో నడుస్తుండగా వాట్‌కు పరిష్కారం తోచింది. ఆవిరిని సిలిండరులో కాక వేరొక పాత్రలో చల్లబరిస్తే సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. ఈ ప్రత్యేక కండెన్సరుకు 1769లో పేటెంటు లభించింది.

ఆలోచన స్ఫురించినంత తేలికగా యంత్రం సిద్ధం కాలేదు. సిలిండరును నున్నగా, సరైన గుండ్రంగా తొలిచే పనిముట్లు ఆనాడు లేవు. పిస్టన్ పక్కల నుండి ఆవిరి కారిపోయేది. తొలుత పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ దివాలా తీశాడు. కుటుంబ పోషణకు వాట్ కాలువల సర్వే పనులు చేశాడు. 1773లో భార్య మార్గరెట్ మరణించింది. ఇన్ని కష్టాల నడుమ బర్మింగ్‌హాం పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ ఆయనకు అండగా నిలిచాడు. జాన్ విల్కిన్సన్ కనిపెట్టిన తొలిచే యంత్రంతో కచ్చితమైన సిలిండర్లు లభించాయి. 1776లో బౌల్టన్-వాట్ యంత్రాలు పనిలోకి దిగాయి.

ఇక్కడి నుండి వాట్ జీవితంలో రెండవ అధ్యాయం మొదలైంది. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు ఉండేవి. అక్కడ బొగ్గు లేదు. ఓడలలో తెచ్చుకోవలసి వచ్చేది. అందువల్ల బొగ్గు ఆదా చేసే యంత్రానికి అక్కడ గిరాకీ ఏర్పడింది. బౌల్టన్, వాట్‌లు విచిత్రమైన ఒప్పందం కుదుర్చుకున్నారు. పాత యంత్రంతో పోల్చినప్పుడు ఆదా అయిన బొగ్గు విలువలో మూడవ వంతు తమకు చెల్లించాలన్నదే ఆ షరతు. యంత్రం బాగా నడిస్తే యజమానికీ లాభం, వారికీ లాభం. అది మూలపడితే ఇద్దరికీ నష్టం. కాబట్టి యంత్రాన్ని బిగించిన రోజుతో వారి బాధ్యత తీరలేదు. ఆ రోజుతోనే మొదలైంది.

దూలం ఎన్నిమార్లు కదిలిందో లెక్కించే సాధనాన్ని ప్రతి యంత్రానికీ అమర్చి తాళం వేసేవారు. వాట్ స్వయంగా నెలల తరబడి కార్న్‌వాల్‌లో ఉండి యంత్రాలను పర్యవేక్షించాడు. వాటికి నిత్యం శ్రద్ధ అవసరం. పిస్టన్ చుట్టూ నారను బిగించి కొవ్వు పట్టించాలి. నార అరిగితే మార్చాలి. అతుకుల వద్ద గాలి చొరబడకుండా చూడాలి. ఏ ఒక్కటి ఉపేక్షించినా బొగ్గు ఖర్చు పెరుగుతుంది. యంత్రాన్ని ఎలా కూర్చాలో, ఎలా నడపాలో వివరించే సూచనల పుస్తకాన్ని కూడా సంస్థ ముద్రించింది. 1779లో విలియం మర్డాక్ అనే నేర్పరిని కార్న్‌వాల్‌కు పంపారు. ఏ గనిలో ఏ యంత్రం మొరాయించినా ఆయన అక్కడికి పరుగెత్తేవాడు.

వాట్ మేధస్సు అక్కడితో ఆగలేదు. యంత్రం చక్రాన్ని తిప్పేటట్లు, పిస్టన్‌ను రెండు వైపుల నుండి ఆవిరి నెట్టేటట్లు మార్పులు చేశాడు. 1788లో వేగాన్ని తనంతట తాను అదుపు చేసుకునే గవర్నరును అమర్చాడు. సిలిండరు లోపలి ఒత్తిడిని తెలిపే సూచికను రూపొందించాడు. వైద్యుడు నాడి చూసి శరీర స్థితిని గ్రహించినట్లు, ఈ సూచిక ద్వారా యంత్రాన్ని విప్పకుండానే దాని స్థితిని గ్రహించవచ్చు. యంత్ర సామర్థ్యాన్ని కొలవడానికి అశ్వసామర్థ్యం అనే ప్రమాణాన్ని స్థిరపరిచాడు. నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తుకు లేపగలిగితే అది ఒక అశ్వసామర్థ్యం.

వాట్‌లో పరిమితులు కూడా ఉన్నాయి. అధిక పీడన ఆవిరి ప్రమాదకరమని ఆయన దానిని వ్యతిరేకించాడు. 1800 వరకు పొడిగించిన తన పేటెంటును కాపాడుకోవడానికి ఇతర ఇంజనీర్లతో న్యాయస్థానాలలో పోరాడాడు. ఆదాలో మూడవ వంతు చెల్లించడం గని యజమానులకూ భారమనిపించింది.

1800లో పేటెంటు గడువు ముగిసింది. వాట్ వ్యాపారం నుండి విరమించుకున్నాడు. ఆ సంస్థ పర్యవేక్షకులు కార్న్‌వాల్‌ను విడిచి వెళ్లారు. యజమానులకు చెల్లింపుల బెడద తప్పింది. కానీ అనుకోని పరిణామం ఎదురైంది. యంత్రాలు అవే, గనులు అవే. వాటి పనితీరు మాత్రం దిగజారసాగింది. ఆలనాపాలనా లేక యంత్రాలు మునుపటికన్నా ఎక్కువ బొగ్గును మింగసాగాయి. ఈ నష్టాన్ని గుర్తించిన గని నిర్వాహకులు 1811లో జోయెల్ లీన్ అనే అనుభవజ్ఞుని నియమించారు. ఏ యంత్రం ఎంత బొగ్గుతో ఎంత నీటిని తోడినదో ఆయన నెలనెలా లెక్కగట్టి ప్రకటించాడు. తమ యంత్రం వెనుకబడిందని నలుగురికీ తెలియడం ఏ ఇంజనీరుకూ ఇష్టం లేదు. శ్రద్ధ పెరిగింది, కొత్త మెరుగులు వచ్చాయి. తరువాతి మూడు దశాబ్దాలలో అక్కడి యంత్రాల సగటు పనితనం రెండింతలకు మించింది. వాట్ నేర్పిన కొలిచే అలవాటే మరొక రూపంలో మళ్లీ ఫలించింది.

విశ్రాంత జీవితంలో వాట్ హీత్‌ఫీల్డ్‌లోని తన ఇంటి మేడ మీద చిన్న పనిశాల ఏర్పరచుకొని శిల్పాలకు నకళ్లు తీసే యంత్రాలపై కృషి చేశాడు. 1819 ఆగస్టు 25న ఆయన కన్నుమూశాడు. ఆ పనిశాలను అందులోని పనిముట్లతో సహా 1924లో లండన్‌లోని సైన్స్ మ్యూజియంకు తరలించి భద్రపరిచారు. సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. మన ఇళ్లలోని బల్బు మీద, పొలాల్లోని మోటారు మీద కనిపించే వాట్ అనే మాట ఆయన స్మృతిచిహ్నమే.

నేటి కర్మాగారాలలో యంత్రాల నిర్వహణకు ప్రత్యేక విభాగాలు పనిచేస్తున్నాయి. నియమిత కాలంలో పరీక్షించడం, కొలతలు నమోదు చేయడం, లోపం ముదరకముందే సరిదిద్దడం వాటి బాధ్యత. చెడిన వస్తువును సరిచేయడం చిన్న పని అని భావించేవారికి వాట్ జీవితం సమాధానం చెబుతుంది. ఆయన కీర్తికి పునాది పడినది ఒక మరమ్మతు పనిలోనే. ఆ పనిని ఆయన చేతులతో మొదలుపెట్టి, ఎందుకు చెడిందన్న ప్రశ్నతో పూర్తిచేశాడు.