వాలులో పుట్టిన విద్యుత్తు

తిరుమల కొండ దిగే బస్సుకు ఇంజనుతో కన్న బ్రేకులతోనే పని ఎక్కువ. ఎక్కేటప్పుడు ఇంధనం వెచ్చించి కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు బ్రేకుల వద్ద వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. వేల టన్నుల రైలు విషయంలో ఈ నష్టం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ శక్తిని తిరిగి తీగలోకి పంపే ఇంజన్లను కొండదారులలో నడిపించిన వారిలో అగ్రగణ్యుడు హంగరీ దేశీయుడైన కాల్మాన్ కాండో.

కాండో 1869 జూలై 8న పెస్ట్ నగరంలో జన్మించాడు. యంత్రశాస్త్రం అభ్యసించి 1892లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం ఫ్రాన్సులో పనిచేసి, 1894లో స్వదేశంలోని గాంజ్ కర్మాగారంలో చేరాడు. దూరప్రయాణపు రైళ్లకు మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తే తగినదని అతడు విశ్వసించాడు. 1902లో ఇటలీలోని వాల్టెల్లినా మార్గంలో 106 కిలోమీటర్ల మేర ఆ విశ్వాసం రుజువైంది.

అంతకన్న గట్టి పరీక్ష జెనోవా రేవు వెనుకనున్న జోవి కనుమ. 1000 మీటర్లకు 35 మీటర్లు ఎగబ్రాకే ఆ దారిలో, బొగ్గు ఇంజన్ల పొగ సొరంగాలలో నిండి సిబ్బందికి ఊపిరాడేది కాదు. 1898లో సిబ్బంది అట్లే స్పృహ కోల్పోగా, ఒక గూడ్సు బండి వెనుకకు జారి మరొక రైలును ఢీకొన్నది. 1910 నుండి అక్కడ కాండో రూపొందించిన విద్యుత్ ఇంజన్లు నడిచాయి. వాటి మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం ఇరుసును తనవెంట లాగుతుంది. బండి వాలులో దిగుతూ, ఆ క్షేత్రాన్ని మించిన వేగంతో ఇరుసును తిప్పితే అదే మోటారు జనరేటరు అవుతుంది. వేగానికి కళ్లెం పడుతుంది. దిగే బండి పుట్టించిన విద్యుత్తు ఎక్కే బండికి ఉపకరిస్తుంది.

చిక్కులూ లేకపోలేదు. పట్టాలపైన రెండు తీగలు కావాలి. వేగమా, నిర్ణీతమైన రెండు మెట్లలోనే. వీటిని తొలగించడానికే కాండో తన శేషజీవితాన్ని ధారపోశాడు. ఊళ్లకు వెలుగునిచ్చే 50 హెర్ట్జ్ విద్యుత్తునే ఒంటి తీగతో అందించి, ఇంజనులోనే మూడు ఫేజులుగా మార్చే యంత్రాన్ని నిర్మించాడు. బుడాపెస్ట్ నుండి పడమటి సరిహద్దుకు ఆ మార్గం సిద్ధమవుతుండగా 1931 జనవరి 13న మరణించాడు. మరుసటి ఏడు రైళ్లు నడిచాయి. చూడటానికి అతడు లేడు.

భారతీయ రైల్వేలు 1957లో 25,000 వోల్టుల, 50 హెర్ట్జ్ పద్ధతిని స్వీకరించాయి. మూడు ఫేజుల మోటారు మాత్రం ఎలక్ట్రానిక్ పరికరాలు తోడైన 1990వ దశకంలో గాని మన ఇంజన్లలోకి రాలేదు. నేడు అట్టి ఇంజను రేణిగుంట జంక్షనును సమీపిస్తూ వేగం తగ్గించేటప్పుడు, బండి చలనశక్తిలో కొంత విద్యుత్తుగా మారి పైనున్న ఒంటి తీగలోకి చేరుతున్నది.